ఇంటికి వచ్చాక వ్యాయామం ఎందుకు ఆగిపోతుంది?

మోకాలి కీళ్లు అరిగి నొప్పితో వచ్చిన వారికి ఫిజియోథెరపిస్టు నాలుగైదు వ్యాయామాలు నేర్పి, రోజూ ఇంట్లో చేయమని చెబుతారు. మొదటి వారం అవి శ్రద్ధగా సాగుతాయి. రెండో వారంలో ఒకటి రెండు పూటలు తప్పుతాయి. నెల తిరిగేసరికి బొమ్మలు వేసి ఇచ్చిన కాగితం బీరువాలోకి చేరుతుంది. ‘అంతా బద్ధకం’ అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. నిజంగా బద్ధకమేనా?

కీలులో వాపు, నొప్పి ఉన్నప్పుడు అక్కడి నుంచి వెళ్లే నాడీ సంకేతాలు తొడ ముందు భాగంలోని క్వాడ్రిసెప్స్ కండరాన్ని పూర్తిగా బిగుసుకోనివ్వవు. వాడకం తగ్గిన కండరం బలహీనపడుతుంది. దాంతో మోకాలికి ఆసరా తగ్గి నొప్పి పెరుగుతుంది. నొప్పికి భయపడి మనిషి కదలిక ఇంకా తగ్గిస్తాడు. ఈ విషవలయాన్ని తెంచడానికే వ్యాయామం.

చిక్కేమిటంటే, కష్టం మొదటి రోజే తెలుస్తుంది, ఫలితం వారాల తర్వాత గాని తెలియదు. తొలి వారాల్లో పెరిగే బలం చాలావరకు నాడీవ్యవస్థ కండరాన్ని మెరుగ్గా పనిచేయించడం వల్ల వచ్చేదే. కండరం పెరుగుదల కంటికి కనిపించడానికి ఇంకా సమయం పడుతుంది. నొప్పి మాత్ర అయితే గంటలో ఉపశమనం ఇస్తుంది. అలాంటి మాత్రలతో పోల్చుకుంటే వ్యాయామం పనిచేయడం లేదనే అనిపిస్తుంది.

రెండో కారణం భయం. నొప్పి వచ్చిందంటే కీలు మరింత అరుగుతోందని చాలామంది అనుకుంటారు. వ్యాయామం చేసేటప్పుడు కలిగే కొద్దిపాటి నొప్పి మర్నాటికి తగ్గిపోతే సాధారణంగా హాని లేదు. వాపు వచ్చినా, నొప్పి రోజురోజుకూ పెరిగినా చికిత్స చేసేవారికి చెప్పాలి.

మూడోది ఇంటి పరిస్థితి. ఆస్పత్రిలో వ్యాయామానికి ఒక వేళ, చూసే ఒక మనిషి ఉంటారు. ఇంట్లో ఆ రెండూ ఉండవు. తెల్లవారితే వంట, పిల్లల బడి, ఆఫీసు. ‘తీరిక దొరికినప్పుడు’ చేద్దామనుకున్న పనికి తీరిక దొరకదు.

దీర్ఘకాల చికిత్సలను సూచించిన విధంగా పాటించేవారు సంపన్న దేశాల్లోనే సగటున 50 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో పేర్కొంది. అంటే ఇది ఏ ఒక్కరి లోపమో కాదు.

మరి చేయగలిగిందేమిటి? లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందితో జరిపి, 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలాయి, మరికొందరికి 254 రోజులదాకా పడుతుందని తేలింది. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటుకు పెద్దగా భంగం కలగలేదు. మధ్యలో ఒక పూట మానేసి, ‘ఇక నావల్ల కాదు’ అని వదిలేసేవారు గుర్తుంచుకోవలసిన విషయమిది.

అయిదు వ్యాయామాలు భారమైతే ముఖ్యమైన రెండింటిని ఎంచి ఇమ్మని అడగండి. వాటిని ఉదయం కాఫీ తాగగానే, అదే కుర్చీలో చేయండి. చేసిన రోజు క్యాలెండరు మీద గీత పెట్టండి. మళ్లీ ఆస్పత్రికి వెళ్లినప్పుడు మొహమాటానికి ‘చేస్తున్నాను’ అని తలూపకండి. ఎక్కడ ఆగిపోయారో చెబితేనే చికిత్సను మీ ఇంటికి తగ్గట్టు మార్చడం సాధ్యమవుతుంది.