చిన్న ఊరి వార్త - కథావస్తువు

సాహిత్యంలో జనజీవితం ప్రతిబింబించాలని మనం తరచు అంటుంటాం. ఆ జనజీవితం రచయితకు ఏ రూపంలో చేరుతున్నదన్న ప్రశ్నను మాత్రం అంతగా పట్టించుకోం. పల్లెలో పుట్టి పెరిగిన రచయిత సైతం నేడు తన ఊరి సంగతులు సగం పత్రికలోనే చదువుకుంటున్నాడు. చిన్న ఊరి వార్త ఎలా తయారవుతుంది, అందులో ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్నది పాత్రికేయుల వృత్తి సమస్య మాత్రమే కాదు. అది కథావస్తువుకు సంబంధించిన సమస్య కూడా. నేను ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న సూళ్లూరుపేటను ఆధారంగా చేసుకొని ఈ విషయాన్ని పరిశీలిస్తాను.

1. ఊరు - వార్తలో ఊరు

సూళ్లూరుపేట కాళంగి నది ఒడ్డున ఉన్న ఊరు. ఒకవైపు మద్రాసు నుంచి కలకత్తా పోయే రహదారి, మరొకవైపు మద్రాసు-గూడూరు రైలు మార్గం. తూర్పుగా పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోయే రోడ్డు శ్రీహరికోటకు చేరుస్తుంది. చెంగాళమ్మ గుడి, సంత, తెల్లవారుజామున మద్రాసు బండి కోసం పరుగులు తీసే జనం, తెలుగూ తమిళమూ కలగలిసిన మాట - ఇదీ ఊరు.

వార్తలో ఈ ఊరు వేరు. శ్రీహరికోట నుంచి 1971లో తొలి రాకెట్టు లేచింది. 1980 జులై 18న ఎస్.ఎల్.వి.-3 ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2023 జులై 14న చంద్రయాన్-3 ఇక్కడి నుంచే బయలుదేరింది. ఇవి గర్వించదగ్గ విజయాలే. అందులో సందేహం లేదు. కానీ ప్రయోగం రోజున ప్రపంచమంతా చదివే వార్తలో సూళ్లూరుపేట ఒక దారి మజిలీ మాత్రమే. శాస్త్రజ్ఞులు చెంగాళమ్మను దర్శించుకున్నారన్న ఒక్క వాక్యంలో ఊరు కనిపించి మాయమవుతుంది.

ఆ దీవిలో రాకెట్టుకు ముందు ఏముండేదో చాలామందికి తెలియదు. దట్టమైన అడవి ఉండేది. అక్కడి వంటచెరకు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసు పొయ్యిల్లోకి పోయేది. ఆ అడవిలో యానాదులు తేనె, వేర్లు, దుంపలు సేకరించుకుని బతికేవారు. మూలికల గుణం వారికి తెలిసినంతగా పుస్తకాలకు తెలియదు. రాకెట్టు కేంద్రం వచ్చాక ఆ బతుకు దారి మళ్లింది. దేశానికి అవసరమైన ఒక మహాకార్యం కోసం ఒక జాతి తన అడవిని వదులుకుంది. ఈ రెండు సత్యాలనూ ఒకే చూపులో పట్టుకోగల రచన ఇంకా మనకు కావాలి. వార్త ఆ పని చేయలేదు. ఎందుకంటే వార్తకు కావలసింది ఈరోజు జరిగినది. యానాదులకు జరిగినది ఒక రోజులో జరిగినది కాదు.

2. వార్త మాట

చిన్న ఊరి వార్తకు ఒక భాష స్థిరపడింది. ఉత్సవం ఎప్పుడూ ‘ఘనంగా’ జరుగుతుంది. సభ ‘విజయవంతం’ అవుతుంది. నాయకుడు ‘ఆకాంక్షిస్తాడు’, అధికారి ‘ఆదేశిస్తాడు’, ప్రజలు ‘విజ్ఞప్తి చేస్తారు’. చనిపోయినవాడు ‘గుర్తు తెలియని వ్యక్తి’, ఉరి వేసుకున్నది ‘వివాహిత’, అప్పుల పాలైనవాడు ‘మనస్తాపం చెందుతాడు’. ఈ క్రియల్ని వరసగా పెట్టి చూస్తే సమాజంలో ఎవరు కర్తలో, ఎవరు కర్మలో వ్యాకరణమే చెప్పేస్తుంది. పేదవాడికి ఈ భాషలో రెండే పనులు - అర్జీ ఇవ్వడం, చనిపోవడం.

ఇది విలేఖరి తప్పని నేను అనను. మండల కేంద్రంలో పనిచేసే విలేఖరికి చాలాచోట్ల నెల జీతం ఉండదు. అచ్చయిన వార్త కొలతను బట్టి కొద్దిపాటి ముట్టజెబుతారు. ప్రకటనలు తెచ్చే భారం కూడా అతని నెత్తినే. ప్రకటన ఇచ్చే పెద్దమనిషి గురించి అతను నిక్కచ్చిగా రాయాలని ఆశించడం తేలిక, రాయడం కష్టం. భాష బిగుసుకుపోవడానికి మూలం ఈ ఆర్థిక సంబంధంలో ఉంది.

ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లలకు నాలుగు వాక్యాల వార్త ఒకటి ఇచ్చాను. రాత్రి వేళ రహదారి దాటుతూ లారీ ఢీకొని ఒక కూలీ మరణించాడు, పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు - అంతే సారాంశం. ఇందులో లేనివి ఏమిటో రాయమన్నాను. అలంకారాలు వస్తాయనుకున్నాను; ప్రశ్నలు వచ్చాయి. ‘అంత రాత్రి యాడికి పోతా ఉండాడు?’ అని ఒకడు. ‘ఆ పక్క నీళ్ల కుళాయి ఉందా సార్?’ అని ఇంకొకడు. తల్లి తడ దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి పోయే ఒక అమ్మాయి రాసిన వాక్యం ఇది: ‘కంపెనీ బస్సు అవతలి పక్కనే ఆపతారు, అందరూ అట్నే దాటతారు.’ మరణం ప్రమాదం కాదనీ, దానికి ఒక ఏర్పాటు కారణమనీ ఆ పిల్ల ఒక్క వాక్యంలో చెప్పింది. విమర్శకులు ‘సామాజిక వాస్తవికత’ అనే మాటకు ఇంతకంటే మంచి వ్యాఖ్య నాకు దొరకలేదు. ఆ వాక్యంలో నెల్లూరు సీమ పలుకుబడి ఉండటం యాదృచ్ఛికం కాదు. తనకు తెలిసిన సంగతిని ఎవరైనా తనకు వచ్చిన మాటలోనే చెబుతారు.

3. ఊరి వార్త చరిత్ర

స్థానిక వార్తకు మన భాషలో గొప్ప వారసత్వమే ఉంది. 1874లో కందుకూరి వీరేశలింగం ప్రారంభించిన ‘వివేకవర్ధని’ రాజమండ్రిలోని లంచగొండుల గుట్టు బయటపెట్టింది. మన జిల్లాలకే వస్తే, నెల్లూరు వెంకట్రామానాయుడు నడిపిన ‘జమీన్ రైతు’ వెంకటగిరి జమీందారీ రైతుల పోరాటంతో పెనవేసుకున్న వారపత్రిక. ఆ పేరులోనే పక్షం ఉంది. ఎవరి వార్త ఎవరి కోసం రాస్తున్నామన్న స్పష్టత ఉంది.

1974లో విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’, 1989లో జిల్లా అనుబంధాలను తెచ్చింది. తర్వాత ఇతర పత్రికలూ ఆ బాట పట్టాయి. దీనివల్ల తొలిసారిగా మారుమూల పల్లె పేరు అచ్చులోకి వచ్చింది. తన ఊరి పేరు అచ్చులో చూసుకున్న మనిషి పత్రిక పాఠకుడయ్యాడు. ఆ శక్తి ఎంతటిదో నెల్లూరు జిల్లాయే నిరూపించింది. అక్షరాస్యతా ఉద్యమంలో చదువుకున్న వాచకంలోని సీతమ్మ కథ నుంచి దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించడం దాకా, 1992లో ఆ పల్లెల వార్తలు రోజూ పేజీలకెక్కాయి. ఒక ఊరి ఆడవాళ్లు చేసింది మరో ఊరి ఆడవాళ్లు చదివించుకుని విన్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయినా, ఊరి వార్త చరిత్రను కదిలించగలదన్న పాఠం చెరిగిపోలేదు.

అయితే జిల్లా పేజీకి మరో ముఖమూ ఉంది. నెల్లూరు పల్లె కష్టం నెల్లూరు పేజీలోనే పుట్టి అక్కడే గిట్టుతుంది. శ్రీకాకుళం రైతుకు అది చేరదు. పక్కపక్క జిల్లాల్లో ఒకే కారణం చేత చితికిపోతున్న ఇద్దరు మనుషులు ఒకరి సంగతి ఒకరు ఎరగకుండా ఉండిపోతారు. 2022 ఏప్రిల్ 4న సూళ్లూరుపేట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. గీత మారినప్పుడు పేజీ మారుతుంది. పులికాట్‌లో వల వేసే మనిషికి మాత్రం సరస్సు ఒకటే. ముఖద్వారం ఇసుకతో పూడితే ఉప్పునీరు రాదు, చేప తగ్గుతుంది. చేప తగ్గితే ఆంధ్ర జాలరికీ తమిళ జాలరికీ హద్దు తగాదా వస్తుంది. వార్తలో అది ‘సరిహద్దు ఘర్షణ’. దాని అసలు పేరు ఇసుక.

4. ఒహాయో నుంచి ఒక పాఠం

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతంలోని చిన్న ఊళ్లు కూడా స్థానిక పత్రికలతో పెరిగినవే. ఎవరింటికి చుట్టాలొచ్చారు, ఎవరి పంట ఎలా ఉంది అన్నవే అక్కడి వార్తలు. షెర్వుడ్ ఆండర్సన్ 1919లో ప్రచురించిన ‘వైన్స్‌బర్గ్, ఒహాయో’ కథల్లో జార్జి విల్లర్డ్ అనే యువకుడు అలాంటి పత్రికకే విలేఖరి. పగలంతా అతడు అచ్చు వేయదగ్గ సంగతులు పోగు చేస్తాడు. ఊరివాళ్లు అచ్చుకెక్కని సంగతులు చెప్పుకోవడానికి అతని దగ్గరకే వస్తారు. అపవాదు పాలై ఊరు విడిచి వచ్చిన ఒక పూర్వపు బడిపంతులు తన చేతులను దాచుకుంటూ బతుకుతాడు. ఆ చేతుల కథ పత్రికకు పనికిరాదు. సాహిత్యానికి అదే ప్రాణం.

మరుసటి సంవత్సరం సింక్లెయిర్ లూయిస్ ‘మెయిన్ స్ట్రీట్’ నవలలో చిన్న ఊరి ఇరుకుతనాన్ని ఎండగట్టాడు. ఇద్దరి మధ్య తేడా రచయితలు గమనించదగ్గది. లూయిస్ ఊరిని ఒక వ్యవస్థగా చూశాడు, ఆండర్సన్ ఒక్కొక్క మనిషిగా చూశాడు. అభ్యుదయ రచయితకు రెండు చూపులూ అవసరమే. వ్యవస్థను మాత్రమే చూస్తే పాత్రలు నినాదాలవుతాయి. మనిషిని మాత్రమే చూస్తే బాధకు కారణం దొరకదు. మా తరగతిలో అమ్మాయి రాసిన కంపెనీ బస్సు వాక్యంలో ఈ రెండూ ఉన్నాయి.

5. రచయిత చేయవలసింది

వార్తను కథగా సాగదీయడం రచన కాదు. పత్రికలో ఆత్మహత్య వార్త చదివి, ఒక కన్నీటి ముగింపు తగిలించి పంపే కథలు మనకు కొల్లలుగా వస్తున్నాయి. అవి వార్త చేసిన పొరపాటునే మళ్లీ చేస్తున్నాయి: మనిషిని అతని చివరి రోజుకు కుదించేస్తున్నాయి. కథకుడి పని చివరి రోజు నుంచి వెనక్కి నడవడం.

వార్తను తృణీకరించడమూ సరికాదు. ధర, తేదీ, ఊరి పేరు, వాన పడిన రోజు - ఇవన్నీ వార్త ఇచ్చే ఎముకలు. అవి లేని వాస్తవికత గాలిలో మేడ. సాహిత్య విద్యార్థులు తమ ఊరి జిల్లా పేజీని ఒక నెల పాటు దాచి, అందులో ఏ కులం పేరు, ఏ పని పేరు, ఏ వాడ పేరు ఒక్కసారి కూడా రాలేదో లెక్క వేయాలి. ఆ రాని పేర్ల పట్టికే వారికి కథావస్తువుల పట్టిక అవుతుంది.

దొరవారిసత్రం దగ్గరి నేలపట్టుకు చలికాలంలో గూడబాతులు వస్తాయి. పండగ చేస్తాం, వార్త రాస్తాం. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు చేనికి బలమని తరతరాలుగా వాటిని కాపాడుకున్నది ఆ ఊరి రైతులు. పక్షి ఏటా వార్తకెక్కుతుంది. ఆ రైతు చెరువు గట్టున ఏమనుకుంటున్నాడో మన కథలు చెప్పాలి.