అమరావతి శిల్పంలో వీణ విల్లులా ఎందుకు ఉంది?

అమరావతి స్తూపపు సున్నపురాతి పలకలపై దాదాపు 1,800 ఏళ్ల కిందటి వాద్యకారులు కనిపిస్తారు. వారి తీగల వాద్యానికి మెడ విల్లులా వంగి ఉంటుంది, మెట్లు ఉండవు. అంటే ఒక్కో తీగ ఒక్కో స్వరం పలికేది. నేటి సరస్వతీ వీణలోనైతే నాలుగు తీగలనే 24 మెట్లపై నొక్కి స్వరాలన్నీ పలికిస్తారు. 4వ శతాబ్దపు సముద్రగుప్తుడి బంగారు నాణెంపైనా ఈ విల్లు వీణే ఉంది. కాబట్టి ఇది శిల్పి ఊహ మాత్రం కాదు. తీగల లెక్కను మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. సన్నని తీగలను రాతిలో చెక్కడం కష్టం, పాత వర్ణచిత్రాల్లో సన్నగీతలు తేలిగ్గా చెరిగిపోతాయి. అంతకన్నా వేళ్లను చూడాలి: మెడపై నొక్కుతున్నాయా, విడి తీగలను మీటుతున్నాయా? వాద్యం ఏ రకమో అక్కడే తేలుతుంది.