గడువు చిత్రమునకు గొట్టిన చప్పట్లు

అవధాన సభలకు వెళ్ళు నలవాటున్న పాఠకులకు ఒక దృశ్యము చిరపరిచితము. పృచ్ఛకుడు ఒకదానితో నొకటి పొసగని నాలుగు పదములిచ్చి, వానితో భారతార్థమున పద్యము చెప్పవలసినదని కోరును. అవధాని పాదము వెంట పాదముగా ముందునకు సాగుచుండగా, సభలోనివారందరును ఊపిరి బిగబట్టి, ఆ వికటపదము ఏ సంధిలో దాగి, ఏ విరుపులో తలయెత్తి వచ్చునో యని కనిపెట్టుకొని యుందురు. అది వచ్చినంతనే హాలంతయు ఆహాకారములతో దద్దరిల్లును. ఆ పద్యమునే మరునాడు కాగితముపై వ్రాసి, సభకు రాని మిత్రునకు చూపితిమా, ఆతడు రెండుమారులు చదివి, ‘బాగానే ఉంది’ అని కాగితము మడిచి మన చేతికిచ్చివేయును.

గడువు పెట్టి తీయించు పొట్టి చిత్రములకు ప్రేక్షకులిచ్చు ఆదరమును గూర్చి యోచించినప్పుడెల్ల నాకీ కాగితము గుర్తునకు వచ్చును.

ఈ పందెములలో మిక్కిలి ప్రసిద్ధమైనది ‘48 అవర్ ఫిల్మ్ ప్రాజెక్టు’. అమెరికా రాజధానియైన వాషింగ్టను నగరమున 2001లో మార్క్ రూపర్ట్ అను చిత్రనిర్మాత, ఇరువదినాలుగు గంటలలో వ్రాసి యాడు నాటకముల మాట విని, రెండు దినములలో సినిమా తీయుట సాధ్యమా యను కుతూహలము పుట్టి, లిజ్ లాంగ్‌స్టన్ అను సహచరితో గూడి, మిత్రబృందములను పోగుచేసి దీనిని ఆరంభించెను. అది పిదప ఖండఖండాంతరములకు వ్యాపించెను. నియమములు సరళములు. శుక్రవారము సాయంకాలమున బృందములన్నియు ఒకచోట చేరును. హాస్యమో, భయానకమో, అపరాధపరిశోధనమో చీటీ తీసి తెలిసికొనవలెను. (రసమును చీటీ నిర్ణయించు విడ్డూరము భరతమునికి సైతము తట్టి యుండదు.) అటుపిమ్మట ఆ నగరములోని బృందములన్నిటికిని ఒకే పాత్ర, ఒకే వస్తువు, ఒకే సంభాషణావాక్యము ఇయ్యబడును. ఈ మూడును చిత్రములో కనబడియు వినబడియు తీరవలెను. కథ వ్రాయుట మొదలు కూర్పు ముగియువరకు సమస్తమును ఆదివారము సాయంకాలము లోపల జరుగవలెను. చిత్రము 4 నిమిషములకు తగ్గక 7 నిమిషములకు మించక యుండవలెను. పనిచేయువారు కూలి పుచ్చుకొనరాదు. పాత్రయు వస్తువును దత్తపది వంటివనియు, మార్పులేక పలుకవలసిన ఆ వాక్యము సమస్య వంటిదనియు తెలుగు పాఠకునకు వేరుగ చెప్పనక్కరలేదు. మన దేశముననే 2011లో పుట్టిన ఇండియా ఫిల్మ్ ప్రాజెక్టు గడువును 50 గంటలు చేసినది. ఆ రెండు గంటల కరుణ వలన ఎవరైనను అదనముగా నిద్రించిరని నేను నమ్మను.

ఇక ప్రదర్శన. వాషింగ్టనైనను హైదరాబాదైనను, ఆ సాయంకాలము హాలులో కూర్చుండువారెవరు? ఏమియు నెరుగక టిక్కెట్టు కొని వచ్చినవారు బహుస్వల్పము. కెమేరా పట్టినవాని తల్లి, షూటింగునకు ఇల్లిచ్చి సోఫాపై కాఫీ యొలికినను పల్లెత్తు మాటనని పినతండ్రి, శవముగా నటించుచు మధ్యలో తుమ్మిన మేనల్లుడు, తమ చిత్రము వంతు కొరకు ఎదురుచూచుచు ఎదుటివారి చిత్రములో తప్పులెన్నుచున్న పోటీదారులు, వీరే ఆ సభ. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలుగా పరిషత్తుల పోటీ నాటకములు చిరకాలముగా చూచుచున్న జాతికి ఇది క్రొత్త గాదు. తెర లేచి తమవాడు కనబడగానే మూడవ వరుసలో మ్రోగు చప్పట్లకును నాటకమునకును ఎట్టి సంబంధమును లేదని పరిషత్తులు మరగినవారందరు నెరుగుదురు.

కాని ఈ సభలో ఒక విశేషమున్నది. ఇచ్చిన వాక్యము ‘తాళంచెవి నీ దగ్గరే ఉందిగా’ అని యనుకొందము. మొదటి చిత్రములో ఎవడో గుమాస్తా ఆ మాటయనును, ఎవరును పట్టించుకొనరు. మూడవ చిత్రములో ఆ మాట వచ్చుసరికి అక్కడక్కడ చిరునవ్వులు మొలచును. ఆరవదానిలో, అది యింకను రాలేదేమి యని జనము దానికొరకే చెవులు రిక్కించి యుందురు, వచ్చినప్పుడు చప్పట్లు. పదియవ చిత్రములో మరణశయ్యపైనున్న తల్లి, కుమారుని చేయి పట్టుకొని, కన్నీరు నిండిన కన్నులతో ఆ మాటయే పలుకగా, హాలంతయు ఘొల్లున నవ్వును. ఆ చిత్రము తీసిన కుఱ్ఱవాడు గోడ నానుకొని నిలుచుండి ఏమనుకొనవలెను? తన దృశ్యము చెడినదనియా? కాదు. ఆ నవ్వు వాని దృశ్యమునకు చెందినది కాదు. అంతకు ముందరి తొమ్మిది చిత్రములు పోగుచేసి పెట్టిన నవ్వది. ఆ దృశ్యమునే విడిగా చూచినవారు కంటతడి పెట్టిన పెట్టవచ్చును. అదే రీతిగా, ఒక మోటు హాస్యమునకు సభ పగులబడి నవ్వినదని సంబరపడువాడు, ఆ నవ్వులో తనపాలెంత, ఆ సాయంకాలము పాలెంత యని లెక్క చూచుకొనుట మేలు.

న్యాయనిర్ణేతలకు ఈ చిక్కు కొంత తక్కువ. 48 అవర్ ఫిల్మ్ ప్రాజెక్టువారు పెట్టుకొన్న కొలత యిది: నూటికి 45 పాళ్ళు కళకు, 30 పాళ్ళు సాంకేతిక నైపుణ్యమునకు, 25 పాళ్ళు ఇచ్చిన నియమములను పాటించినందుకు. అనగా నియమపాలనము నాలుగవవంతే. ప్రేక్షకుల బహుమతి వేరుగ నుండును. దానికట్టి తూనికరాళ్ళు లేవు. బంధుబలగమధికముగా గల బృందమునకు ఆ బహుమతి వచ్చుటలో ఆశ్చర్యమును లేదు, అపరాధమును లేదు.

నన్నడిగిన, అట్టి హాలులో చప్పట్లకన్న వినదగినవి మరికొన్ని కలవు. దగ్గులు ఎప్పుడు మొదలైనవి? ఫోనుల వెలుగులు ఏ నిమిషమున మినుకుమినుకుమనినవి? మాట సరిగా వినబడక ప్రక్కవానిని ‘ఏమన్నాడు?’ అని అడిగిన చోటెక్కడ? ఈ కడపటి ప్రశ్న గడువు చిత్రములకు జాతకదోషము వంటిది. రెండు దినముల తొందరలో కెమేరాపై గల శ్రద్ధ మైకుపై నుండదు. సీలింగు ఫ్యాను రొద, వీధిలో స్కూటరు చప్పుడు సంభాషణతో సమముగా వినవచ్చును. బొమ్మ కొంత మసకయైనను, వెలుతురు కొంత తప్పినను ప్రేక్షకుడు మన్నించును గాని, మాట వినబడనిచో మన్నింపడు. కథ నుండి లేచి వెళ్ళిపోవును, శరీరము మాత్రము కుర్చీలో నుండును. బంధువులు సైతము ఈ విషయమున నిర్దయులే.

ప్రదర్శన ముగిసిన పిదప వరండాలో వినవచ్చు మాట యొకటున్నది: ‘రెండు రోజుల్లో తీశారంటే గొప్పే!’ దీనిని ప్రశంసయని పుచ్చుకొననివాడు అరుదు. కాని ఆ ‘అంటే’ యను మాటను తీసి చూడుడు. రెండు దినములని తెలియనిచో గొప్ప గాదన్నమాట. మెచ్చుకొనబడినది గడియారము, చిత్రము దానికి తోడు పెండ్లికొడుకు.

చిత్రమెట్లు పుట్టినదను నెరుక ప్రేక్షకుని చూపునెట్లు మార్చునో తెలుపు వింత యొకటి 2016లో లండనులో జరిగెను. అచ్చటి సై-ఫై లండన్ ఉత్సవమువారి 48 గంటల పందెమునకు ఆస్కార్ షార్ప్ అను దర్శకుడు ‘సన్‌స్ప్రింగ్’ అను చిత్రమును తెచ్చెను. దాని కథను వ్రాసినది మనుష్యుడు గాదు. రాస్ గుడ్విన్ అనునతడు తయారుచేసిన కృత్రిమమేధాయంత్రము. అనేక వైజ్ఞానిక కల్పనాచిత్రముల స్క్రిప్టులను దానిచే చదివించి, పోటీవారిచ్చిన నియమములను దానికందించి, అది వెలిగ్రక్కిన సంభాషణలను ఒక్క అక్షరమును దిద్దక నటులచే పలికించిరి. వాక్యములకు పొందిక లేదు. ప్రశ్న యొకటి, జవాబు వేరొకటి. అయినను థామస్ మిడిల్‌డిచ్ మొదలగు నటులు ఆ పిచ్చిమాటలను ఎంతటి నిష్ఠతో పలికిరనగా, చూచువారు నవ్వుచునే, ముగ్గురి నడుమ ఏదో ప్రణయకలహము నడచుచున్నదని తమంతట తామే కథ నల్లుకొనిరి. చిత్రము మొదటి పదింటిలో నిలిచెను. ప్రేక్షకుల ఓట్లలో ప్రతిపక్షులు యంత్రములచే దొంగ ఓట్లు వేయించుచున్నారని తెలియగా, కడపటి గంటలలో ఈ కథకయంత్రమే గంటకు 36,000 చొప్పున ఓట్లు గుప్పించెనని పత్రికలు వ్రాసినవి. కవియే సభయై తన పద్యమునకు తానే చప్పట్లు కొట్టుకొనుట కిది బహుశః ప్రథమోదాహరణము. యంత్రము వ్రాసినదను సంగతి దాచియుంచినచో ఆ చిత్రమును జనము కడవరకు చూచియుందురా యనునది వేరు ప్రశ్న. చూడరని నా నమ్మకము.

అట్లని ఈ పందెములు వట్టి వినోదములని తోసివేయరాదు. అదే లండను పందెమున 2008లో గెలిచిన గారెత్ ఎడ్వర్డ్స్, రెండేండ్లకు ‘మాన్‌స్టర్స్’ తీసి, 2014 నాటికి ‘గాడ్జిల్లా’ వంటి భారీచిత్రమునకు దర్శకుడయ్యెను. మన హైదరాబాదు ముచ్చటయు నున్నది. 2012లో ఇచ్చట జరిగిన 48 గంటల పందెమునకు తరుణ్ భాస్కర్ తీసిన ‘అనుకోకుండా’ ఉత్తమచిత్రముగను, అందు నటించిన రీతూ వర్మ ఉత్తమనటిగను ఎన్నికగుటయే గాక, అది కాన్ ఉత్సవములోని షార్ట్ ఫిల్మ్ కార్నరు వరకు పోయెను. పిదప 2016లో ఆ యిరువురును ‘పెళ్ళిచూపులు’ తో తెలుగు ప్రేక్షకుల ముందునకు వచ్చిరి. ఉత్తమ తెలుగు చిత్రముగ దానికి జాతీయపురస్కారము లభించెను. టిక్కెట్టు కొని ‘పెళ్ళిచూపులు’ చూచి నవ్వినవారిలో అత్యధికులు ఆ పాత పందెము మాటయే యెరుగరు. ఆ నవ్వుకు గడియారము సాయము లేదు.

ఇంతకును ఒక విన్నపము. మీ పక్కింటి కుఱ్ఱవాడు రేపో మాపో ఫోను తెచ్చి మీ చేతిలో పెట్టి, ‘అంకుల్, మా షార్ట్ ఫిల్మ్, ఆరు నిమిషాలే, చూడండి’ అనును. ఎన్ని గంటలలో తీసితివని అడుగవలదు. ఆరు నిమిషములును చూచి, ఎక్కడ విసుగు పుట్టినదో, ఏ మాట వినబడలేదో వానికి చెప్పుడు. వాడు కొంచెము నొచ్చుకొనును. మరుసటి చిత్రమునకు మైకు నొకదానిని అద్దెకు తెచ్చుకొనును.