ఇంటికి ఎన్ని లీటర్ల రంగు?

పెయింటర్‌ వస్తాడు. హాల్లో నిలబడి గోడలన్నీ ఓసారి కలియజూస్తాడు. ‘ముప్పై అయిదు లీటర్లు పడతాయి సార్‌’ అనేస్తాడు. అవునో కాదో చెప్పాలంటే మన దగ్గర లెక్క ఉండాలిగా! అందుకే చాలామంది తలూపి డబ్బాలు కొనేస్తారు. పని పూర్తయ్యాక సగం డబ్బా బాల్కనీలో ఎండిపోతూ ఉంటుంది.

బాచుపల్లిలో ఈ లెక్కతో పనిపడని ఇల్లు తక్కువే. ఒకప్పటి ఈ పల్లెటూరు హైటెక్‌సిటీ ఉద్యోగుల రాకతో అపార్ట్‌మెంట్ల ఊరైపోయింది. 2016లో మండలం కూడా అయింది. కొత్త ఫ్లాటులో చేరేవాళ్లకు రంగుల ఖర్చు సరే, అద్దెకుండేవాళ్లకూ తప్పదు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌ పేరుతో అడ్వాన్సులోంచి నెల అద్దె కోసుకోవడం నగరంలో మామూలే. ఆ కోత సబబో కాదో తేల్చుకోవాలన్నా లెక్క తెలియాలి.

ఏ ఎస్సెఫ్టీ?

‘మాది పన్నెండు వందల ఎస్సెఫ్టీ’ అంటాం. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. అది సూపర్‌ బిల్టప్‌ ఏరియా. మెట్లు, లిఫ్టు, కారిడార్లలో మన వాటా కూడా అందులో కలిసే ఉంటుంది. వాటికి మనం రంగు వేయించం కదా! రంగుకు కావలసింది కార్పెట్‌ ఏరియా. 2016 నాటి రెరా చట్టం ప్రకారం బిల్డర్‌ దాన్ని చెప్పితీరాలి. మీ కాగితాల్లో చూసుకోండి. ఉదాహరణకు అది 850 అనుకుందాం.

ఇప్పుడు ఒక గది కొలుద్దాం. పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10. నాలుగు గోడల చుట్టుకొలత 44 అడుగులు. దాన్ని ఎత్తుతో గుణిస్తే 440. సీలింగు 120. మొత్తం 560 చదరపు అడుగులు. ఇందులోంచి తలుపు 21, కిటికీ 16, గోడను ఆనుకున్న వార్డ్‌రోబ్‌ 70 తీసేస్తే మిగిలేది 453.

ఇల్లంతా ఇలా కొలిచి, వంటగదిలో, బాత్‌రూముల్లో టైల్సున్న చోటు వదిలేస్తే మొత్తం కార్పెట్‌ ఏరియాకు ఇంచుమించు మూడున్నర రెట్లు వస్తుంది. అంటే 850 ఎస్సెఫ్టీకి 2,975. నున్నటి గోడమీద లీటరు ఎమల్షన్‌ రెండు కోటింగులకు 120 చదరపు అడుగులు వస్తుందనుకుంటే పాతిక లీటర్లు చాలు. మరి ముప్పై అయిదు ఎక్కడిది? 1,200ను మూడున్నరతో హెచ్చవేసి చూడండి, తెలిసిపోతుంది! తేడా పది లీటర్లు. లీటరు 400 రూపాయలనుకున్నా నాలుగు వేలు.

పెయింటర్‌దే తప్పనలేం. పని మధ్యలో రంగు అయిపోతే కూలి పోయేది అతనికే. చాలా కంపెనీలు డబ్బాల్లో పెయింటర్ల కోసం టోకెన్లు పెడతాయన్న సంగతీ మనసులో ఉంచుకోండి.

కొనేముందు...

* పాతిక లీటర్లూ ఒకే రంగు కొనకండి. సీలింగుకు తెలుపు ఏడు లీటర్లు, గోడలకు పద్దెనిమిది. డబ్బాలు 1, 4, 10, 20 లీటర్లలో దొరుకుతాయి. గోడలకు ఒక పది, రెండు నాలుగు సరిపోతాయి.

* లీటరుకు ఎంత వస్తుందో డబ్బామీద ఉంటుంది. మన లెక్కలో 120 బదులు ఆ అంకె వేసుకోండి. అయితే అది నున్నటి గోడకు. గరుకు గోడ ఎక్కువ తాగుతుంది. ముదురు రంగుమీద లేతరంగు వేస్తే మూడో కోటింగు తప్పకపోవచ్చు.

* కొత్త గోడకు లప్పం, ప్రైమర్‌ లెక్క వేరే. పాత గోడకు పగుళ్లు, గుంతలున్న చోట లప్పం పెడితే చాలు. చెమ్మ ఉంటే ముందు దాని సంగతి చూడండి. లేకపోతే ఎన్ని లీటర్లు పోసినా పొట్టులా రాలిపోతుంది.

* కూలి ఎస్సెఫ్టీ చొప్పున మాట్లాడుకుంటే తలుపుల లెక్క ముందే తేల్చుకోండి. కొలతల ప్రమాణం ఐఎస్‌ 1200 ప్రకారం 0.5 నుంచి 3 చదరపు మీటర్ల ఖాళీకి ఒకవైపే తగ్గించాలి. అంటే తలుపును ఈ గదిలో తీసేస్తే అవతలి గదిలో తీయకూడదు.

* మిషన్లో కలిపిన రంగును దుకాణంవాళ్లు సాధారణంగా వెనక్కి తీసుకోరు. కాబట్టి ఒక లీటరు తక్కువే కొని, అవసరమైతే మళ్లీ తెచ్చుకోండి. షేడ్‌ కోడ్‌ రాసుకోవడం మరవద్దు. కొత్త డబ్బా రంగు కాస్త తేడాగా కనిపించవచ్చు. పాతది అయిపోకముందే రెండూ ఒకే బకెట్లో కలిపేస్తే గోడమీద అతుకు తెలియదు.

* చివరికి అర లీటరు మిగిలితే పారేయకండి. మూత గట్టిగా బిగించి, మీద గది పేరు రాసి దాచుకోండి. మేకు పీకిన చోటికి, సోఫా రాసుకున్న చోటికి పనికొస్తుంది. గోడంటే డ్రాయింగు పుస్తకమే అనుకునే పిల్లలున్న ఇల్లయితే మరీనూ!