స్పెయిన్‌లో ఒక సెమిస్టర్: ఫీజు ఇక్కడే, చదువు అక్కడ... ఇంట్లో వాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి

"అక్కడ ఫీజు లేదంటున్నారు. మరి మూడు లక్షలు ఎందుకు చూపించమంటున్నారు? ఇందులో ఏదైనా మోసం ఉందా బేటా?"

ఎంబీఏ చదివే మా మామూ కూతురికి స్పెయిన్‌లోని గ్రనాడా యూనివర్సిటీలో ఎక్స్‌చేంజ్ సీటు వచ్చినప్పుడు మామూజాన్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. చాలా ఇళ్లలో ఇదే అనుమానం. అందుకే లెక్క మొదటి నుంచి చెప్తాను.

ఎక్స్‌చేంజ్ అంటే ఏమిటి?

ఇది విదేశాల్లో డిగ్రీ చేయడం కాదు. మీ పిల్లలు చదివే యూనివర్సిటీకి, అక్కడి యూనివర్సిటీకి మధ్య ఒప్పందం ఉండాలి. మన కాలేజీయే పేరు పంపాలి. ఫీజు ఎప్పటిలాగే ఇక్కడ కడతారు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. ఒక సెమిస్టరో, ఏడాదో చదివి వెనక్కి వస్తారు. డిగ్రీ ఇచ్చేది మన యూనివర్సిటీయే.

కాబట్టి "ఎక్స్‌చేంజ్ సీటు ఇప్పిస్తాం, డబ్బులు కట్టండి" అని ఎవరైనా ఏజెంట్ వస్తే అక్కడే ఆపండి. ఒప్పందం ఉందో లేదో మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగితే తెలిసిపోతుంది. 1987లో మొదలైన ఎరాస్మస్ పథకం కింద యూరప్ బయటి విద్యార్థులకు కూడా నెలనెలా భత్యం, ప్రయాణ ఖర్చు ఇచ్చే ఏర్పాటు ఉంది. కానీ రెండు యూనివర్సిటీలు కలిసి ఆ ప్రాజెక్టులో ఉంటేనే వస్తుంది.

డబ్బు లెక్క

మామూజాన్ అడిగిన మూడు లక్షలు ఎవరికీ కట్టేవి కావు. అక్కడ బతకడానికి మీ దగ్గర డబ్బు ఉందని వీసా కోసం చూపించేవి. స్పెయిన్ ఇందుకు ఐప్రెమ్ అనే ప్రభుత్వ కొలమానం వాడుతుంది. అది కొన్నేళ్లుగా నెలకు 600 యూరోలు. ఐదు నెలలకు 3000 యూరోలు. యూరో వంద రూపాయలు అనుకున్నా మూడు లక్షలు. గ్రనాడాలో నలుగురు కలిసి ఉండే ఫ్లాట్‌లో ఒక గదికి సుమారు 300 యూరోలు అవుతుంది, కాబట్టి ఈ డబ్బు నిజంగానే ఖర్చయ్యేదే. విమానం టికెట్, హెల్త్ ఇన్సూరెన్స్, గది అడ్వాన్సు దీనికి అదనం. "అక్కడ పని చేసుకుని సంపాదిస్తాడులే" అనే లెక్క మాత్రం వేయకండి.

ట్యూషన్ ఫీజు లేదు కాబట్టి వడ్డీ అప్పు జోలికి పోకుండా పంపగలిగే దారి ఇది. మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

ఇంకొకటి. ఉండేది 180 రోజులు దాటితే పోలీస్ క్లియరెన్స్, మెడికల్ సర్టిఫికెట్ కావాలి. వెళ్లిన నెలలోపు అక్కడ విదేశీయుల గుర్తింపు కార్డుకు అప్లై చేయాలి. ఒక్క సెమిస్టర్ అయితే ఈ పని తగ్గుతుంది.

అసలు ప్రమాదం ఎక్కడ?

డబ్బులో కాదు, మార్కుల్లో. మా ఖాలా కొడుకు వేరే దేశానికి ఎక్స్‌చేంజ్‌లో వెళ్లాడు. అక్కడ ఒక సబ్జెక్టు టైమ్ కుదరక ఇంకోటి తీసుకున్నాడు, ఇక్కడి కాలేజీతో సంతకం చేయించుకోలేదు. తిరిగొచ్చాక ఆ సబ్జెక్టు లెక్కలోకి రాదన్నారు. జూనియర్లతో కూర్చుని మళ్లీ రాశాడు. అతని తప్పు ఒక్క కాగితమే.

ఆ కాగితం పేరు లెర్నింగ్ అగ్రిమెంట్. అక్కడ చదివే ఏ సబ్జెక్టు ఇక్కడ దేనికి సమానమో అందులో రాసి అందరూ సంతకం చేస్తారు. సబ్జెక్టు మారితే కాగితమూ మారాలి. యూరప్‌లో ఒక సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల చదువు. మార్కులు పదికి వేస్తారు, 5 వస్తే పాస్. 7 వస్తే మనవాళ్లు మొహం మాడ్చుకుంటారు గానీ అక్కడ దాన్ని "నొటాబ్లే" అంటారు, అంటే మంచి మార్కే. ఇక్కడి గ్రేడులోకి ఎలా మారుస్తారో వెళ్లకముందే రాయించుకోండి.

భాష: మనకు కొంచెం దగ్గరే

ఎక్కువ క్లాసులు స్పానిష్‌లోనే. ఇంగ్లీషులో చెప్పేవి కొన్నే ఉంటాయి. బీ1 స్థాయి లేకుండా క్లాసులో కూర్చుంటే అర్థం కాదు. హైదరాబాద్‌లో ఇఫ్లూలో స్పానిష్ నేర్పుతారు. కనీసం ఏడాది ముందు మొదలుపెట్టాలి.

ఉర్దూ వచ్చిన పిల్లలకు ఒక సౌకర్యం ఉంది. స్పానిష్‌లో 'జె' అక్షరం పలికేది దాదాపు మన 'ఖే' లాగానే. అరబీ నుంచి వెళ్లిన మాటలు వేలల్లో ఉన్నాయి. షక్కర్ అక్కడ 'అసూకర్', జైతూన్ 'అసెయితూనా'. "అలా జరిగితే బాగుండు" అనడానికి వాడే 'ఓహలా' అల్లాహ్ పేరుతో పుట్టిన అరబీ మాటే. అయితే గ్రనాడా జనం మాట చివర 'స్' మింగేస్తారు. మొదటి నెల చెవులు తికమకపడతాయి, భయపడొద్దు.

తిండి, నమాజు

పంది మాంసం ఎక్కడ లేదో వెతుక్కోవాలి. గ్రనాడాలో కూల్ డ్రింక్ అడిగినా పక్కన ఒక చిన్న ప్లేటు తినుబండారం ఉచితంగా పెడతారు, అందులో పంది ముక్క ఉండొచ్చు. "సిన్ సెర్దో" అంటే పంది మాంసం లేకుండా అని. పండుగ మిఠాయిల్లో కూడా పంది కొవ్వు వాడతారు, 'మాంటెకా' అనే మాట చూసుకోవాలి. హలాల్ మాంసం దుకాణాలు ఊళ్లో ఉన్నాయి. అల్‌హంబ్రా ఎదురుగా అల్బైసిన్ గుట్ట మీద 2003లో పెద్ద మసీదు తెరిచారు. జుమా సమయానికి క్లాసు పడుతుందేమో టైమ్‌టేబుల్ ఎంచుకునేటప్పుడే చూసుకోండి. జూన్‌లో మగ్రిబ్ రాత్రి తొమ్మిదిన్నర దాటాకే.

1349లో సుల్తాన్ మొదటి యూసుఫ్ కట్టించిన మదరసా స్థలం, భవనం ఇవాళ అదే యూనివర్సిటీ చేతిలో ఉన్నాయి. 1492లో గ్రనాడా రాజ్యం పోయింది, 1531లో యూనివర్సిటీ వచ్చింది. మన పిల్లలు అక్కడ కామర్స్ చదువుతూ ఈ చరిత్రనూ కళ్లారా చూస్తారు.

మామూజాన్ ఒప్పుకున్నారు. ఒక్క షరతు పెట్టారు: సంతకాలన్నీ ఉన్న లెర్నింగ్ అగ్రిమెంట్ జిరాక్స్ ఆయన బీరువాలో ఉండాలి. మీరూ అదే అడగండి.