కార్తీకపు పెరటికి ఆషాఢంలోనే అంకురార్పణ

శరదృతువు చివరి దినాలలో చిన్న ఇంటి తోటకు శోభ తెచ్చేది ఏది? సమశీతోష్ణ దేశాలలో ఈ ప్రశ్నకు సమాధానం ఆకు. పగలు తగ్గి, చలి పెరగగానే అక్కడి చెట్ల ఆకులు పసుపు, ఎరుపు వర్ణాలకు తిరిగి రాలిపోతాయి. మన ప్రాంతంలో ఆకురాల్చే చెట్లలో అధికభాగం శిశిరంలో, వేసవి ముంగిట ఆకు రాలుస్తాయి. కార్తీక మాసంలో మన పెరటి శోభ పూతలోను, కాయలోను ఉంటుంది. పందిరి మీద ఊదారంగు చిక్కుడు గుత్తులు, కంచె పక్కన డిసెంబరాలు, మడిలో చామంతి, తెల్లవారేసరికి నేలపై పరచుకున్న పారిజాతాలు మనకు చిరపరిచితాలు.

ఈ మొక్కలలో పలు రకాలు పగటి నిడివి తగ్గడాన్ని గుర్తించి పూతకు వస్తాయి. పూత నాటికి తగినంత కొమ్మ, ఆకు సిద్ధంగా ఉంటేనే ఆ పూత కంటికి నిండుగా, వంటకు చాలినంతగా ఉంటుంది. కాబట్టి కార్తీకపు పెరటి స్వరూపం ఆషాఢ, శ్రావణాలలోనే నిర్ణయమవుతుంది. పెరటి తోటల సలహాలు వర్షాలు వెనుకబట్టిన తరువాత, అక్టోబరులో మొదలైతే ఈ మొక్కల విషయంలో అదను దాటినట్లే.

పగటి నిడివి, పూత

మన రెండు రాష్ట్రాల మధ్యభాగంలో, అనగా 16-17 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద, పగటి నిడివి జూన్ మూడో వారంలో 13 గంటలకు కొద్దిగా పైన, డిసెంబరు మూడో వారంలో 11 గంటలకు కొద్దిగా పైన ఉంటుంది. వ్యత్యాసం సుమారు రెండు గంటలే అయినా మొక్కకు అది స్పష్టమైన సంకేతం.

అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అలార్డ్ 1920లో ఈ కాంతికాలావధి సూత్రాన్ని ప్రకటించారు. వేసవి పొలంలో పూయకుండా ఏపుగా పెరిగే మేరీలాండ్ మామత్ పొగాకు, చలికాలంలో హరితగృహంలో పూయడం వారి పరిశోధనకు ఆధారం. 1938లో హామ్నర్, బోనర్ మనకు కలుపుగా తెలిసిన మరులమాతంగి మొక్కపై ప్రయోగాలు చేసి, మొక్క లెక్కించేది ప్రధానంగా అవిచ్ఛిన్నమైన చీకటి నిడివిని అని నిరూపించారు. రాత్రి మధ్యలో కొద్దిసేపు వెలుగు పడినా పూత నిలిచిపోయింది. హ్రస్వ దీప్తికాల మొక్కలకు కావలసింది నిజానికి దీర్ఘరాత్రి.

మొక్కల ఎంపిక, అదను

చిక్కుడు: పందిరికి పాకే దేశవాళీ రకాలు చాలావరకు హ్రస్వ దీప్తికాల స్వభావం కలవి. జూన్-జూలైలో విత్తితే పూత నాటికి తీగ పందిరి నిండా అల్లుకుంటుంది. సెప్టెంబరు, అక్టోబరులలో విత్తితే తీగ పందిరి ఎక్కకముందే పూతకు వచ్చి, నాలుగు గుత్తులతో సరిపెడుతుంది. కందిలో ఈ సూత్రం మనకు సుపరిచితమే. ఖరీఫ్‌లో ఎత్తుగా, గుబురుగా పెరిగే కంది రబీలో పొట్టిగా ఉండి త్వరగా పూస్తుంది. అందుకే రబీ కందికి వరుసల మధ్య దూరం తగ్గించి మొక్కల సంఖ్య పెంచుతాము. ఆలస్యంగా విత్తక తప్పని ఇంట పందిరి చిక్కుడుకు బదులు, పగటి నిడివితో నిమిత్తం లేని అర్క జయ్, అర్క విజయ్ వంటి పొద రకాలను ఎంచుకోవాలి.

ఎర్ర గోంగూర: జూలైలో విత్తి, ఆకు కోసుకుంటూనే రెండు మూడు మొక్కలను పూతకు వదలాలి. నవంబరులో లేత పసుపు పూలు, వాటి వెనుక ఎర్రని రక్షకపత్రాలు కనిపిస్తాయి. పులుపుగల ఆ రక్షకపత్రాలు పచ్చడికి, షర్బత్‌కు పనికివస్తాయి.

చామంతి: గత సంవత్సరపు పిలకలను లేదా కొమ్మ ముక్కలను జూన్-జూలైలో నాటాలి. నాటిన నాలుగు వారాలకు తలలు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. ఈ పని ఆగస్టు చివరికి ముగించాలి. ఆ తరువాత తుంచితే మొగ్గ తొడగవలసిన కొనలనే తీసివేసినట్లవుతుంది. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. అక్టోబరు, నవంబరులలో తుఫాను వానలు పడే కోస్తా జిల్లాలలో దీనిని ఎత్తు మడులపైనే పెంచాలి.

బంతి పూతకు పగటి నిడివి కంటె నాటిన తేదీయే ముఖ్యం కాబట్టి, దఫదఫాలుగా నారు నాటి కార్తీకం నుండి సంక్రాంతి వరకు పూలు పొందవచ్చు. డిసెంబరాలు కొమ్మ ముక్కల ద్వారా వానకాలంలో సులభంగా నాటుకుంటాయి. పారిజాతాన్ని పూత ముగిశాక కత్తిరించి అదుపులో ఉంచితే చిన్న పెరట్లోనూ ఇముడుతుంది.

జూలై ఎండ, నవంబరు నీడ

స్థల నిర్ణయంలో తరచుగా విస్మరించే అంశం సూర్యగమనం. జూన్, జూలైలలో మన అక్షాంశాల వద్ద మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కొద్దిగా ఉత్తరాన ఉంటాడు. నీడ పొట్టిగా, దక్షిణానికి పడుతుంది. నవంబరు మధ్యకు సూర్యుడు దక్షిణ దిశలో సుమారు 55 డిగ్రీల ఎత్తుకు, డిసెంబరు మూడో వారానికి 50 డిగ్రీలకు దిగుతాడు. అప్పుడు 2 మీటర్ల ప్రహరీ లేదా పందిరి నీడ మధ్యాహ్నం వేళ కూడా ఉత్తరానికి మీటరున్నరకు పైగా సాగుతుంది. నాటిన నాడు నిండు ఎండలో ఉన్న చామంతి మడి, పూత నాటికి నీడలో చిక్కుకోవచ్చు. కనుక పందిరిని స్థలానికి ఉత్తరపు అంచున వేసి, చామంతి, బంతి మడులను దానికి దక్షిణాన ఉంచాలి. ఒక సెంటు, అనగా సుమారు 40 చదరపు మీటర్ల పెరట్లో ఈ ఒక్క మార్పుతోనే ఎంతో తేడా వస్తుంది.

పూత రాని పాదు

"పాదు ఏపుగా ఉంది, పూత లేదు" అనేది నవంబరులో విస్తరణ శాస్త్రవేత్తకు తరచుగా ఎదురయ్యే ఫిర్యాదు. సాధారణంగా దీనికి పూత మందు కొని పిచికారీ చేస్తారు. కారణం తెలియకుండా పెట్టే ఈ ఖర్చు చిన్న కుటుంబానికి భారమే. మందు సూచించే ముందు మూడు అంశాలను పరిశీలించాలి.

మొదటిది నత్రజని. పశువుల పేడ, యూరియా అధికమైతే ఆకు ముదురు పచ్చగా పెరిగి పూత వెనుకబడుతుంది. రెండవది రకం. దీర్ఘకాలిక రకానికి ఇంకా సమయం రాకపోయి ఉండవచ్చు. మూడవది రాత్రి వెలుగు. ఇప్పుడు వీధివీధినా తెల్లవార్లూ ఎల్‌ఈడీ దీపాలు వెలుగుతున్నాయి. మొక్కలోని ఫైటోక్రోమ్ వర్ణకం ఎరుపు కాంతిని గ్రహించి రాత్రిని పగటి కొనసాగింపుగా భావిస్తుంది. చామంతి సాగుదారులు పూతను వాయిదా వేయడానికి రాత్రివేళ దీపాలు వెలిగించేది ఈ సూత్రం మీదనే. వీధి దీపం కింది సోయాచిక్కుడు మొక్కలు పక్కవాటి కంటె ఆలస్యంగా పూయడమూ ఇందువల్లనే.

నిర్ధారణకు పరికరాలు అవసరం లేదు. పందిరి మీద దీపం వైపు, చీకటి వైపు చెరి పది కొమ్మలు తీసుకొని పూగుత్తులను లెక్కించాలి. చీకటి వైపు పూత ఉండి, వెలుగు వైపు లేకపోతే రాత్రి వెలుగునే ప్రధానంగా అనుమానించాలి. అటువంటప్పుడు పంచాయతీతో మాట్లాడి దీపానికి పెరటి వైపు రేకు మరుగు కట్టించాలి. వచ్చే సంవత్సరం పందిరిని ఇంటి వెనుకకు మార్చాలి.

ఆచరణకు

పెరటి తోటల విత్తన సంచులను ఒకేసారి కాక, పగటి నిడివికి స్పందించే మొక్కలను జూన్‌లోను, ఇతర శీతాకాలపు మొక్కలను సెప్టెంబరు-అక్టోబరులోను పంపిణీ చేయడం ప్రయోజనకరం. పందిరి చిక్కుడు రకం పేరుతో పాటు విత్తవలసిన చివరి తేదీని కూడా సంచిపై ముద్రించాలి.

విద్యార్థులకు ఇది ఖర్చులేని ప్రయోగాంశం. ఒకే చిక్కుడు విత్తనాన్ని ఆషాఢ, శ్రావణ, భాద్రపదాలలో విత్తి, మొదటి పూగుత్తి ఎన్నవ కణుపు వద్ద వచ్చిందో, అప్పటికి తీగ పొడవు ఎంతో, మొత్తం కాయ ఎంత తూగిందో నమోదు చేయాలి. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో ఉన్న విద్యార్థులు తమ గ్రామంలోని పెరళ్ళలో పందిరి దిశ, వీధి దీపం దూరం, విత్తిన మాసం అనే మూడు వివరాలు సేకరించినా, ఆ గ్రామానికి మరుసటి ఆషాఢంలో ఇవ్వవలసిన సలహా సిద్ధమవుతుంది.