సేవలో పెద్దరికం

మా రెండవ అమ్మాయి ఇక్కడ బరంపురంలోనే బి.ఎ. చదువుతున్నది. మొన్న చలికాలంలో ఒకనాటి సాయంకాలం వచ్చి, "నాన్నా, కాలేజీ సేవాశిబిరానికి వెళ్తాను. ఏడు రోజులు పల్లెలో ఉండాలి" అన్నది. "పరీక్షలు దగ్గరపడుతుంటే వీధులు ఊడవడమేమిటి?" అని కసిరినాము. చివరకు వాళ్ల అమ్మ మాటమీద ఒప్పుకున్నాము.

ఈ జాతీయ సేవా పథకాన్ని గూర్చి మన కుటుంబాలలో తెలిసినవారు తక్కువ. గాంధీమహాత్ముని శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, 37 విశ్వవిద్యాలయాలలో ఇది మొదలైనది. చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. "నేను కాదు, మీరు" అన్నది దీని సూత్రం. దీని గుర్తు మన ఒడిశాలోని కోణార్క సూర్యదేవాలయపు రథచక్రం. అందులోని ఎనిమిది ఆకులు రోజుకు గల ఎనిమిది జాములను తెలుపుతాయి.

కాలేజీలో తెలుగు పిల్లలు ఒక మూల, ఒడియా పిల్లలు ఒక మూల కూర్చునేవారట. శిబిరంలో అందరిదీ ఒకే పంక్తి. మా అమ్మాయిని ఒక జట్టుకు నాయకురాలిగా పెట్టినారు. పనులు పంచడమే పెద్దరికమనుకుని రెండు రోజులు కాగితం పట్టుకుని తిరిగిందట.

మూడవనాడు ఒక ముసలమ్మ మడతలుపడిన అర్జీ ఒకటి తెచ్చి చూపించినది. పింఛను కోసం పెట్టుకున్నది. నాలుగుసార్లు ఆఫీసుకు నడిచిందట. నాలుగుసార్లూ తిప్పి పంపినారు. అందులో లోపం ఒక్కటే, వేలిముద్ర పక్కన సాక్షి సంతకం లేదు. ఆ ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు! ఆ సాయంకాలం నుంచి మా అమ్మాయి, ఒడియా స్నేహితురాలు ఒకతె, అరుగుమీద కూర్చుని వచ్చినవారందరికీ అర్జీలు వ్రాసిపెట్టినారు. అజమాయిషీ మానిన తరువాతనే జట్టు తన మాట వినసాగిందని అమ్మాయి చెప్పినది.

ఇదంతా చెప్పి, "నాన్నా, మీ ఆఫీసులో కూడా ఇట్లాగే తిప్పి పంపుతారా?" అని అడిగినది.

మాకు నోట మాట రాలేదు. ఇరవై యేళ్ల గుమాస్తాగిరీలో "రేపు రండి" అన్న మాట మేము ఎన్నిసార్లు అన్నామో! ఆ మరునాటి నుంచి, ఏ కాగితం తిప్పి పంపవలసి వచ్చినా, లోపమేమిటో ఒక చీటీమీద ఒడియాలోనో తెలుగులోనో వ్రాసి ఇస్తున్నాము. అందుకు రెండు నిమిషాలకన్న ఎక్కువ పట్టదు.

మన సంఘంవారికి ఒక మనవి. నెలకొక ఆదివారం మన హాలులో కాలేజీ పిల్లలు అర్జీలు వ్రాయడానికి కూర్చుంటే, ఆఫీసు అనుభవమున్న పెద్దలు వారి పక్కన కూర్చోవచ్చును. మేము వస్తాము. పిల్లల దగ్గర మనం నేర్చుకోవలసినది కూడా కొంత ఉన్నది.